అడుగు తగల్లేదు

అనంతపురం భూగర్భజలాల ఆఫీసులో
మూడో బీరువా వెనక దొరికింది ఆ పటం.
మద్రాసు నించి ఎప్పుడో వచ్చిన కట్టల్లో
పొరపాటున పడి ఉంటుంది. ఎవరూ అడగలేదు.
సముద్రానికి ఇంత దూరంలో
సముద్రాన్ని పోగొట్టుకున్నవాడు ఎవరుంటారు?

చేత్తో గీసిన దీవి.
తీరం ఒక్క ఊపులో పోలేదు,
మలుపు మలుపుకీ చెయ్యి ఆగినట్టు
అక్కడక్కడా సిరా చిక్కబడింది.
కొండలు గొంగళిపురుగుల్లా పడుకున్నాయి.
పేరున్న మూలని చెదలు తినేశాయి,
తింటూ తింటూ అవీ ఒక తీరం గీశాయి.
ఏది దీవి అంచో ఏది ఆకలి అంచో
భూతద్దం పెడితే గానీ తేలదు.
చుట్టూ నీళ్ళ మీద అంకెలు,
ఎవరో గుప్పెడు జొన్నలు విసిరినట్టు.

నేను ట్రేసర్ని. ముప్పై ఏళ్ళుగా
బావుల లోతులు గుడ్డ మీదికి ఎక్కిస్తున్నాను.
సముద్రం చూడలేదు.
ఒకసారి పెళ్ళికని నెల్లూరు దాకా పోయి
భోజనాలు ఆలస్యమై తిరిగొచ్చేశాను.

ఆ మధ్యాహ్నం ఫక్కీరప్ప వచ్చాడు,
బెళుగుప్ప మనిషి, బావులు తవ్వినవాడు,
పాత బిల్లు కోసం, ఎప్పట్లాగే.
బల్ల మీద పటం చూసి టవలు దులిపి కూర్చున్నాడు.
"ఇవేం లెక్కలు సా?"
"లోతులు. తాడుకి సీసపు గుండు కట్టి దింపేవాళ్ళు. బారల్లో."
బార అనేసరికి ఆయన చేతులు రెండూ
వాటంతటవే చాపుకున్నాయి,
ఈ బీరువా నించి ఆ బీరువాకి.
"గుండుకి కొవ్వు రాసేవాళ్ళు. అడుగు మన్ను దానికి అంటుకొచ్చేది.
ఇసకో, గవ్వలో, నల్లబంకో, పక్కన పొడి అక్షరాల్లో రాశారు చూడు."
"మేం నాలిక మీద ఏసుకుంటాం" అన్నాడు.

తర్వాత ఆయనే చదివాడు. అక్షరం రాదు.
"ఈడ సూడు, అంకెలు ఒగదాని మీద ఒగటి పడుండాయి.
ఈడ బయపడినాడు. రాయి తగిలింటాది.
ఈ పక్క ఎడంగా పోయినాయి, గాలి బాగుండింటాది,
పాట పాడుకుంటా పోయినాడు.
ఈడ... ఈడ మనిసి మారినాడు సా. సెయ్యి ఏరే."
నిజమే. అక్కణ్ణించి
ప్రతి ఏడుకీ నడుం మీద అడ్డగీత ఉంది.
మొదటి చెయ్యి ఏమైందో
ఆయనా అడగలేదు, నేనూ ఊహించలేదు.

కొన్ని అంకెల నెత్తిన గీత, గీత మీద చుక్క.
"దానర్థం తాడు అయిపోయింది. అడుగు తగల్లేదు."
ఫక్కీరప్ప చాలాసేపు మాట్లాడలేదు.
కుందుర్పిలో, శెట్టూరులో,
తన సొంత చేను రెండు మూలల్లో
తను దిగిన బావులన్నీ దిగి వస్తున్నాడేమో.
ఆయనకి అడుగు ఎప్పుడూ తగిలింది.
పొడిగా, టంగుమని.

దీవి లోపలంతా తెలుపు.
వాళ్ళు దిగలేదు, లేదా దిగి రాయలేదు.
ఒక్కచోట మాత్రం, వాగు నోటి దగ్గర
గోరంత సున్నా, పక్కన వణికిన రాత.
కూడబలుక్కుని చదివాను:
మంచినీళ్ళు ఇక్కడ.

ఫక్కీరప్ప నవ్వాడు,
పళ్ళు లేని చోట కూడా నవ్వాడు.
"సుట్టూ అన్ని నీళ్ళు పెట్టుకోని
ఈ నాకొడుకూ మన మాదిరే తిరిగినాడే సా!"

జిరాక్సు కావాలన్నాడు.
వద్దన్నా రెండు రూపాయలు బల్ల మీద పెట్టి
దీవిని టవల్లో చుట్టుకుని
నాలుగూ ఇరవై కళ్యాణదుర్గం బస్సెక్కాడు.
బిల్లు సంగతి ఇద్దరం మరిచిపోయాం.

ఈ నెల పటంలో ఎండిన బోర్ల దగ్గర
శూన్యం అని రాయలేదు నేను.
అంకె వేసి, నెత్తిన గీత గీసి,
గీత మీద చుక్క పెట్టాను.
సూపరింటెండెంటు కళ్ళద్దాలు పైకి తోసి
ఇదేం గుర్తయ్యా అన్నాడు.

తాడు అయిపోయిందండీ, అన్నాను.